మన్యం జ్వరం

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మీకు చెబుతున్నది మీ మీద గౌరవంతో కాదు, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. జాలిపడేవాళ్లయితే ఇక్కడే ఆపేయండి. ఛీ కొట్టినా కొత్తేమీ కాదు, ఆ పని రోజూ నేనే చేసుకుంటున్నాను.

అరకు కొండల్లో ఒక ఠాణాకి హెడ్డు కానిస్టేబుల్ని. కొత్త ఘాటురోడ్డు వేస్తున్నచోట, వానకి కొండచరియ విరిగి కూలీల పాకల మీద పడింది. ముందుగా చేరింది ఇద్దరమే, నేనూ కానిస్టేబులు సింహాద్రీ. రెండు రోజులు చేతులతో మట్టి తవ్వాం. ప్రాణంతో ఒక్కరూ దొరకలేదు. ఆఖరున ఒక కూలీపిల్ల చెయ్యి బయటపడితే సింహాద్రే పట్టుకుని లాగాడు.

వారం తిరక్కుండా నా చేతులు వణకడం మొదలైంది. అది భయమని నాకు తెలుసు. కానీ ఆ కొండల్లో వణికినవాడి జబ్బుకి ఒకటే పేరు, మన్యం జ్వరం. అందులో సిగ్గు లేదు, పైగా సెలవు. అందరూ చూస్తుండగా ఆ జ్వరానికిచ్చే క్వినైను మింగి, ఠాణా వెనక గదిలోనే దుప్పటి కప్పుకున్నాను. నమ్మారు.

నాలుగోనాడు సింహాద్రి వచ్చి నా ముందు నిలబడ్డాడు. వాడి చేతులూ వణుకుతున్నాయి.

"నాది జొరం కాదు హెడ్డుగారూ. కళ్లు మూత్తే సాలు, ఆ గుంటదాని సెయ్యే అవుపిస్తంది. మీకు అవుపించదేటి? జొరమని రాసీండి, బేగి ఊరెళిపోతాను."

మీకు అవుపించదేటి! ఆ మాటకే నా ఒళ్లు మండింది.

"పిరికి నాయాలా! పోయి గాజులు తొడిగించుకో!" అని ఠాణా అంతా వినేలా అరిచాను. పైకి పంపిన కాగితంలో 'పిరికివాడు, మతి చెడినవాడు' అని రాశాను.

ఎందుకు రాశాను? ఒకే మట్టి తవ్విన ఇద్దరం ఒకేసారి వణికితే నా జ్వరం బండారం బయటపడుతుందనా? లేక నేను దుప్పటి కింద దాచుకున్నది వాడు నిలబడి చెప్పగలిగాడన్న కడుపుమంటా? ఎన్నిసార్లు అడుక్కున్నా రెండోదే నిజమనిపిస్తోంది, అదే నన్ను తినేస్తోంది.

వాడి ఉద్యోగం పోయింది. ఊళ్లో కొండదెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టి, పశువుల శాలలో రాటకి కట్టేశారట. మూడు వానాకాలాలు అక్కడే ఉండి ప్రాణం విడిచాడు. ఆ సంగతి వాడి తమ్ముడు సంతలో చెబుతుంటే, పాపం అన్నాను. అంతే అన్నాను.

నా చేతులు ఇంకా వణుకుతాయి. జ్వరం తిరగబెట్టిందంటూ మా ఆవిడ క్వినైను తెస్తుంది. ఇవాళా తెచ్చింది. మింగలేదు.

నాకు మన్యం జ్వరం ఏనాడూ రాలేదు.