కుట్టుకు వదిలిన పావంగుళం

మా అక్క మొగుడు యాభై రెండేళ్ళ వయసులో పియానో నేర్చుకుంటానన్నాడు. కత్తెర తప్ప ఇంకోటి పట్టి ఎరగని మనిషి. అక్క పడీ పడీ నవ్వింది. నేను ఇంకాస్త ఎక్కువే నవ్వాను.

మా ఇద్దరిదీ ఒకటే టైలర్ షాపు. బావ కత్తిరిస్తాడు, నేను కుడతాను. ఇరవై ఏళ్ళుగా, షాపుకి వచ్చినవాళ్ళ ముందే నేను కుట్టిన కాలర్లు విప్పించి, "వీడికి చెయ్యి తిరగదండీ, మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నా" అనేవాడు.

పియానో టీచరమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది. "ఈ వయసులో వేళ్ళు వంగవండీ. ఆరు నెలల్లో ఈ ఒక్క పాట వాయించి చూపించండి, చేర్చుకుంటాను." ఏ వేలు ఏ మీట మీద పడాలో కాగితం మీద రాసిచ్చింది. బావ మెడలోని టేపు తీసి మీటల వెడల్పు కొలుచుకున్నాడు.

షాపుకొచ్చి పెద్ద అట్ట మీద మీటలు గీశాడు. గీస్తూ గీస్తూ, గుడ్డకి వదిలినట్టే, మీట మీటకీ కుట్టుకని పావంగుళం ఎక్కువ వదిలాడు. చేతి అలవాటు. చిటికెన వేలి దగ్గరికొచ్చేసరికి అంగుళం తేడా. నేను పక్కనే ఉండి చూశాను. చెబుదామని నోరు తెరిచాను కూడా.

"నువ్వు కాజాలు చూసుకోరా" అన్నాడు. చూసుకున్నాను.

ఆరు నెలలు అన్నం మానేసి ఆ అట్ట మీద వేళ్ళు ఆడించాడు. అట్ట నలిగి నల్లబడింది. "కళ్ళు మూసుకున్నా ఒక్క వేలు తప్పట్లేదురా!" అని ఒకరోజు తెగ మురిసిపోయాడు. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఆరు నెలలు నిండిన రోజు టీచరమ్మ దగ్గరికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కాతో, పదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని తన వంతు కోసం చూశాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. బొటనవేలు ఒక్కటే సరిగ్గా పడింది. పిల్లలు పగలబడి నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ. చేతులు పూర్తిగా తీయకముందే టీచరమ్మ పియానో మూత దించేసింది.

"అప్పుడే చెప్పాను కదండీ."

దారి పొడుగునా బావ తన చేతులే చూసుకుంటూ నడిచాడు. "చెయ్యి తిరగంది నాకేరా. ఇన్నేళ్ళూ నిన్ను అన్యాయంగా అన్నాను."

తప్పు వేళ్ళది కాదు బావా, అట్టది అనడానికి సందు చివరిదాకా టైముంది. నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ మాట బావ నోట ఇంకోసారి వినాలనిపించింది. చెప్పలేదు.

మర్నాడు ఆ అట్ట నా ముందు పడేసి, కాలర్ల కొలతకి ముక్కలు చెయ్యమన్నాడు. చేశాను, కుట్టుకు పావంగుళం వదిలి.