బూజు పట్టిన లెన్సు

మా ఊళ్ళో వస్తువుకి బూజు పట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. భీమవరం చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మధ్యలో కాలవలు, పైన వాన. చెప్పులకి పడుతుంది, బీరువాలో పట్టుచీరకి పడుతుంది, గోడకి తగిలించిన డిగ్రీ సర్టిఫికెట్టుకీ పడుతుంది. అలాంటి ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఫోటోలు తీసుకుని బతుకుతున్నవాడి లెన్సుకి పట్టడంలో వింతేమీ లేదు.

ఆ లెన్సు మా గురువుగారు స్టూడియో మూసేసిన రోజున నా చేతిలో పెట్టారు. నా మీద ప్రేమతో అని నేనూ, ఎవరూ కొనలేదు కాబట్టి అని మా ఆవిడా ఇప్పటికీ వాదించుకుంటాం. ఇనుప ముక్కలా బరువు. ఆటోఫోకస్ లేదు, చేత్తో తిప్పుకోవాలి. నేను తిప్పేలోగా పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేసేస్తాడు. లోపల గాజు మీద తెల్లటి నూలుపోగుల్లా ఫంగస్ పాకింది. ఎదురుగా దీపం ఉంటే వానాకాలం చంద్రుడికి కట్టినట్టు దాని చుట్టూ గుడి కడుతుంది. ఎండ వెనకనుంచి వస్తే ఫోటో అంతా పాలు పోసినట్టవుతుంది. మధ్యలో ఉన్న మనిషి బాగానే ఉంటాడు గానీ అంచుల్లో ఉన్నవాళ్ళు కరిగిపోతారు. అందుకని గ్రూపు ఫోటో తీసేముందు, అంచుల్లో ఏ చుట్టాల్ని నిలబెట్టాలో పెళ్ళివారినే అడిగేవాణ్ణి. వాళ్ళు ఆలోచించకుండానే చెప్పేవారు.

మరి ఎందుకయ్యా దాన్ని ఇంకా మోస్తున్నావు అంటే, నా దగ్గరున్న కొత్త లెన్సులు నిజం చెబుతాయి. పెళ్ళిలో నిజం ఎవరిక్కావాలి? పెళ్ళికూతురి మేనత్త గడ్డం మీద రెండు వెంట్రుకలుంటే కొత్త లెన్సు రెండూ చూపిస్తుంది. నా పాత లెన్సుకి అంత తీరిక లేదు. మనిషి మొహాన్ని మొత్తంగా ఓసారి చూసి, బాగానే ఉందని వదిలేస్తుంది. నాకు దానిమీద ఉన్నది అభిమానం కాదు, ప్రేమే. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా ఆవిడకి మాత్రం అదంటే గిట్టదు. ఓ వేసవి పొద్దున, "బూజు పట్టినదాన్ని ఎండలో పెట్టాలండి. ఆవకాయ జాడీ అయినా అంతే, మీ లెన్సయినా అంతే," అని దాన్ని మేడ మీదికి పట్టుకుపోయింది. అక్కడ గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. కాకులు ముట్టకుండా వాటిమీద వల మూత ఉంది. రెండువైపులా గాలి తగలాలని లెన్సుని ఆ మూత మీద నిలబెట్టి, కిందికొచ్చి టీవీ పెట్టుకుంది. భూతద్దం ఎండలో ఏం చేస్తుందో చిన్నప్పుడు అందరం కాగితం కాల్చి చూసినవాళ్ళమే. సాయంత్రానికి వడియాలన్నీ ఎండాయి, ఒక్కటి మాత్రం వేగింది. దానిమీద ఈ చివరనుంచి ఆ చివరకి నల్లటి గీత. ఫంగస్ ఉన్నచోటే ఉంది.

"చూశావా దీని పవరు," అన్నాను.

"వడియం వేయించుకోడానికి నాకు మూకుడుందండి," అంది.

ఎండకి లొంగని ఆ బూజుని చివరికి నా రోషం రాజమండ్రి పంపించింది. మా వెనక వీధిలో రొయ్యల మేత వ్యాపారం చేసే ఆయన ఉన్నారు. ఆయన కొడుకు పెళ్ళి నేనే తీశాను. ఆల్బమ్ చూసి ఆయన మొహం చిట్లించారు. "డెకరేషన్ లైట్లన్నీ ఆవిరి పట్టినట్టున్నాయేంటండీ? ఆ పాత కెమెరాతో తీసినవన్నీ ఇంతే. కాస్త తుడిపించుకోండి గురువుగారూ," అన్నారు. గురువుగారూ అంటూనే తిట్టడం మా వైపు అలవాటు. గారు తీసేసి తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ రోజే లెన్సుని పెట్టెలో సర్ది, రాజమండ్రిలో కెమెరాలు బాగుచేసే మెకానిక్కుకి బస్సులో పార్సిల్ పంపించేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ మేత వ్యాపారి తల్లిగారు నాకు కబురు పెట్టారు. ఎనభై దాటిన మనిషి, వీధి వీధంతా మామ్మగారు అంటాం. వెళ్ళేసరికి ఆవిడ హాల్లో భర్తగారి ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన ముప్పై ఆరేళ్ళకే పోయారు. ఫోటోలో ఒత్తయిన జుట్టు, సన్నటి మీసం, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్ల చొక్కా. గంధపు దండ వెనకనుంచి కొంచెం పక్కకి చూస్తూ ఉంటారు.

"అబ్బాయ్, మొన్న పెళ్ళిలో నాకు జరిగిన అవమానం నీకు తెలీదు," అన్నారు మామ్మగారు.

జరిగింది ఇది. ఆడపెళ్ళివారి తరఫున వచ్చిన ఒకావిడ గోడ మీద ఫోటో చూసి, మామ్మగారి చెయ్యి పట్టుకుని, "మీ అబ్బాయాండీ? ఎంత చిన్న వయసులో పోయారండీ," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ అలా ఏడుస్తుంటే కాదని చెప్పడానికి మామ్మగారికి మొహమాటం అడ్డొచ్చింది. తన మొగుణ్ణి తన కొడుకుగా ఒప్పుకుని, ఆవిణ్ణి ఓదార్చి, భోజనానికి పంపించారు. అసలు కొడుకు పక్కనే నిలబడి అందరికీ కూల్‌డ్రింకులు అందిస్తున్నాడు.

"నేను పోయాక నా ఫోటో కూడా ఆయన పక్కనే పెడతారు కదా. అప్పుడు వచ్చినవాళ్ళంతా తల్లీకొడుకులనుకుంటారు. నాకది ఇష్టం లేదు," అన్నారు. నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాను. ఆవిడకి అది నవ్వులాట కాదు.

అప్పటికే కొడుకు మూడు ప్రయత్నాలు చేశాడట. కొత్త స్టూడియోలో తీయించిన ఫోటోలో ఎండిపోయిన చెరువు అడుగులా మొహమంతా నెర్రెలు. ఫోనులో నునుపు చేయిస్తే పాలకోవా బిళ్ళకి కళ్ళు పెట్టినట్టు వచ్చింది. మూడోది ఏఐ యాప్‌లో చేయించాడు. అందులో పాతికేళ్ళ పిల్ల, చెంపలకి సొట్టలు, మామ్మగారి చీరే కట్టుకుని ఉంది.

"ఇదెవత్తె? ఆయన పక్కన దీన్ని కూర్చోబెడితే నేను ఊరుకుంటానా?" అన్నారు మామ్మగారు. ఆ ఫోటోని కొడుకు చేతే ఫోనులోంచి చెరిపించేశారట.

తర్వాత ఆవిడ నా ఆల్బమ్ తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టారు. నా పాత లెన్సుతో తీసిన ఫోటో. మామ్మగారు పందిట్లో కూర్చుని ఉన్నారు. వెనక లైట్లన్నీ కొడుకు చెప్పినట్టే ఆవిరి పట్టి ఉన్నాయి. మొహం మీద ముడతలున్నాయి గానీ అవి అడిగితే తప్ప చెప్పేలా లేవు.

"ఇదిగో, ఇది నేను. నోట్లో లడ్డూ ఒక్కటే అడ్డు. ఆ అద్దంతోనే ఇంకోటి తియ్యి."

ఆ అద్దం రాజమండ్రిలో స్నానం చేస్తోందని చెప్పాను. ఎవరు తుడిపించమన్నారని అడిగారు. అదీ చెప్పాను. మామ్మగారు గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసిన చూపుకి ఆయన కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టారు.

మెకానిక్కుకి ఫోన్ మీద ఫోన్ చేశాను. పనిలో ఉంటే ఆయన ఫోన్ ఎత్తడు, చేతికి మరకలంటుతాయని. తనూ వస్తానన్నారు మామ్మగారు. వెంకటగిరి చీర మార్చుకుని, పౌడరు రాసుకుని కారెక్కారు. నేను కాలవగట్ల వెంట, లారీల మధ్యనుంచి శక్తి కొద్దీ తోలుతుంటే రావులపాలెం దాటాక ఆవిడ కారు ఆత్రేయపురం వైపు తిప్పమన్నారు. పూతరేకులు కొనాలట.

"మామ్మగారూ, అక్కడ ఆయన తుడిచేస్తున్నాడండి."

"వట్టి చేతుల్తో వెళ్ళి పని ఆపమంటే ఎవరాపుతారు అబ్బాయ్?"

కొట్టు దగ్గర ఆవిడ బెల్లం రేకులా పంచదార రేకులా అని అడిగి, రెండూ రుచి చూసి, నెయ్యి తగ్గిందని బేరమాడి కొన్నారు. నేను స్టీరింగు పట్టుకుని పళ్ళు కొరుక్కుంటున్నాను. ఆవిడ వయసుకి గౌరవమిచ్చి ఊరుకున్నాను గానీ లోపల మాత్రం ఆత్రేయపురాన్ని మొత్తంగా తిట్టేశాను.

మెకానిక్ కొట్టులోకి వెళ్ళేసరికి నా లెన్సు ముక్కలు ముక్కలుగా తెల్లగుడ్డ మీద పరిచి ఉంది. ముందు గాజు అప్పటికే తళతళలాడుతోంది. లోపలి గాజు ఒకటే మిగిలింది. ఆయన దాన్ని ఎడం చేత్తో పట్టుకుని కుడి చేత్తో దూది తడుపుతున్నాడు. నేను నోరు తెరిచేలోగా మామ్మగారు ముందుకెళ్ళి, "ముందు నోరు తీపి చేసుకోండి బాబూ," అని పూతరేకు చాపారు. అంత పెద్దావిడ నిలబడి ఇస్తుంటే కాదనడం మా జిల్లాల్లో ఎవరివల్లా కాదు. ఆయన గాజు కిందపెట్టి, దూది పక్కనపెట్టి, రెండు చేతులా అందుకున్నాడు. ఒకటి అవగానే ఇంకోటి పెట్టారు. వేళ్ళనిండా నెయ్యి, బెల్లప్పొడి. ఆ చేత్తో ఏ మెకానిక్కూ గాజు ముట్టుకోడు. ఆత్రేయపురాన్ని తిట్టిన తిట్లన్నీ నేను అక్కడే వెనక్కి తీసుకున్నాను.

సంగతి విని ఆయన నొచ్చుకున్నాడు. "ఇన్నేళ్ళలో బూజు తియ్యమని వచ్చారు గానీ, ఉంచమని ఎవరూ రాలేదండి. సగం తుడిచి పంపించాడంటే నా పేరు పోతుందండి."

"మీ పేరెందుకు పోతుంది బాబూ, ఫోటోలో ఉండేది నా మొహం," అన్నారు మామ్మగారు. "ముందుది తుడిచేశారు, సరే. ఆ లోపలిదాని మీద మాత్రం ఈ పూతరేకంత పొర ఉంచెయ్యండి."

ఆయన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, మనసొప్పకుండానే లెన్సు బిగించి ఇచ్చాడు. దాన్ని కెమెరాకి తగిలించాను. సగం బూజు పోయింది. మిగిలిన సగానికి ఆవిడ ముడతల్ని మన్నించే ఓపిక ఉందో లేదో నాకు తెలియదు. భీమవరం వెళ్ళి తీరిగ్గా తీద్దామన్నాను.

"ఇక్కడే తీసెయ్యి. ఇంటికెళితే మావాడు ఇంకేదన్నా తుడిపిస్తాడు," అన్నారు.

కొట్టు ముందు తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేశాం. వీధిలోంచి మెత్తటి వెలుతురు పడుతోంది. మామ్మగారు బిగుసుకుని కూర్చున్నారు. నవ్వమంటే ఇంకా బిగుసుకున్నారు. కాసేపటికి ఆవిడే అడిగారు.

"అబ్బాయ్, గోడ మీద ఆయన నాకెటు పక్కన ఉంటారు?"

భార్య ఎడమవైపు కదా, కాబట్టి ఆయన ఆవిడకి కుడిపక్కన ఉంటారని చెప్పాను. ఆవిడ కుడివైపు తిరిగి చూశారు. అక్కడ మెకానిక్ గారి టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. మామ్మగారు ఆ ఫ్యాను వంక చూసి, తల కొంచెం వంచి, చీర కొంగు సర్దుకున్నారు. యాభై ఏళ్ళ కిందటి సిగ్గు ఆ మొహంలోకి వచ్చింది. మెకానిక్ గారు ఎందుకో ఫ్యాను కట్టేయబోతుంటే వద్దని సైగ చేసి, ఫోకస్ తిప్పి, నొక్కాను.

కెమెరా వెనక తెర మీద చూపించాను. ముడతలు ఎక్కడికీ పోలేదు. కానీ అది ఎనభై ఏళ్ళ మొహమూ కాదు, ఇరవై ఏళ్ళ మొహమూ కాదు. వయసు అడగాలనిపించని మొహం. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఈవిణ్ణయితే ఆయన పోల్చుకుంటారు," అన్నారు.

ఆయన ఫోటోకి జతగా నలుపు తెలుపుల్లో ప్రింటు వేసి, అదే సైజు ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళాను. ఇవాళే గోడకి పెట్టమన్నారు మామ్మగారు. కొడుకు అడ్డుపడ్డాడు. "బతికున్నవాళ్ళ ఫోటో ఆ వరసలో పెట్టకూడదమ్మా. అశుభం."

"దండ వెయ్యకు. దండ పడేదాకా నన్ను చూసుకోనీ. పడ్డాక నాకేం కనిపిస్తుంది?"

ఆయన స్టూలు తెచ్చి వేశారు. నేనెక్కి ఫ్రేము సరిచేస్తుండగా గ్యాసు బండ మోసుకుంటూ ఒకతను హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాడు. కొత్త మనిషి. తిరిగి వస్తూ చెమట తుడుచుకుని, తలెత్తి గోడ వంక చూశాడు. మామ్మగారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"మామ్మగారండీ," అన్నాడతను, "ఆ ఫోటోల్లో ఉన్నది మీ అమ్మగారూ నాన్నగారూనాండీ?"

కాదని చెప్పబోయాడు కొడుకు. మామ్మగారు చెయ్యి ఎత్తి ఆపేశారు. ఈసారి అడ్డొచ్చింది మొహమాటం కాదు.

"ఆయ్, అవును బాబూ. ఈడూ జోడూ బాగుందా?"

"చిలకా గోరింకల్లా ఉన్నారండి," అని అతను వెళ్ళిపోయాడు.

మామ్మగారు గోడ వంక చూస్తూ చీర కొంగు సర్దుకున్నారు.