ప్రెజెంట్ టీచర్

రెండు వేల ఆరులో నా బీఈడీ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు, దాన్ని చూపించుకోవడానికి నాకు ఒక్కరూ లేరు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. అనకాపల్లి కాంప్లెక్సులో నర్సీపట్నం బస్సు కోసం ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పక్కనున్న నడివయసు ఆవిడ అడిగింది. "ఏటమ్మా అది, బీఈడీయా? ఓపాలి సూడనీ."

చేతులు కొంగుకి తుడుచుకుని మరీ అందుకుంది.

"నేనూ సేసేనమ్మా. డీఎస్సీ నాలుగుసార్లు రాసేను. మార్కు, మార్కున్నరలో పోయీది. ఈలోగా వయసు దాటిపోయింది."

తర్వాత సర్టిఫికెట్ మీది నా పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చదివింది. "గొంప మేరీ సుజాత!"

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "ప్రెజెంట్ టీచర్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"కూర్చో," అంది. అంతసేపూ మా ఊరి మాటే మాట్లాడిన మనిషి, ఆ ఒక్క మాటా పుస్తకంలో ఉన్నట్టు పలికింది.

ఇంతలో నక్కపల్లి బస్సొస్తే ఫైలు నా చేతిలో పెట్టి ఎక్కేసింది.

ఇప్పుడు నేను మాకవరపాలెం దగ్గర టీచర్ని. రోజూ పొద్దున్నే నలభై పేర్లు పిలుస్తాను. ఆ రోజు ఆవిడ పేరు మాత్రం అడగలేదు.