లిన్ వాళ్లమ్మ పేరు

కోరుట్లలో పెళ్లి చూసుకుని సిరిసిల్ల వెళ్లాలి. అక్కడ మగ్గాలు నడిపే మల్లేశం నన్ను తన కారులో ఎక్కించుకున్నాడు. పక్క సీట్లో లిన్ అనే తైవాన్ మనిషి. మల్లేశం కొన్న కొత్త మిషన్లు బిగించడానికి వచ్చి చాలా రోజులైందట. నేను గుంటూరులో తత్వశాస్త్రం చెబుతాను. అలాంటి మనిషి దొరికితే ఊరుకుంటానా? తావో, కన్ఫ్యూషియస్ మార్గాలు మతాలా, తత్వాలా అని దారి పొడుగునా ఇంగ్లీషులో పీడించాను. "నాకు మతం లేదు" అని మాత్రం అన్నాడు.

దారిలో మల్లేశం కారాపించి, ఈతచెట్ల కింద మాకు కల్లు పోయించాడు. తాగేముందు తన గ్లాసులోంచి కొంచెం నేలమీద వంచాడు. పోయిన పెద్దలకు సాక పోయడమట. అది చూసి లిన్ కూడా వంచాడు, రెండు చేతులతో, తల దించుకుని.

"దొరికారు! ఇది మతం కాక మరేమిటి?" అన్నాను నవ్వుతూ.

లిన్ గ్లాసు కింద పెట్టేశాడు. "మా అమ్మ పోయి నెల కాలేదు. నేను ఇక్కడే ఉండిపోయాను."

ఏమన్నాడని మల్లేశం అడిగితే తలెత్తకుండానే చెప్పాను.

"అయ్యో, గట్లనా? వాళ్లమ్మ పేరేందో అడుగుండ్రి సార్. ఆమె పేరు మీద నేను సుత సాక పోస్త."

అడిగాను. లిన్ ముఖం విప్పారింది. మల్లేశం నోట సరిగ్గా పలికేదాకా ఆ పేరు మళ్లీ మళ్లీ చెప్పాడు.

కోరుట్ల నుంచి నేనడిగిన వాటిలో అతను మనసారా జవాబు చెప్పింది ఆ ఒక్క ప్రశ్నకే. అది నాది కాదు.