పుంగనూరు మిద్దెల మీద కేబుల్

మునీశ్వరి మొదటిసారి స్తంభం ఎక్కింది ముప్పై ఎనిమిదేళ్ల వయసులో. పుంగనూరులో కేబుల్ టీవీ నడిపే ఆమె భర్త గంగులప్ప పనిమీద ఉండగా జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. తెగిన వైర్లు అతికేందుకు మనిషి దొరక్క ఆమే చీర కొంగు బిగించి నిచ్చెనెక్కింది. వీధిలోవాళ్లు నాలుగు రోజులు వింతగా చూసి, తర్వాత అలవాటు పడిపోయారు. పెద్ద కంపెనీల కింద చేరకుండా సొంత డిష్‌లతో ఏడు వందల ఇళ్లకు ఆమే టీవీ నడిపింది.

ఆమెకు రాజకీయాలు పట్టవు. కానీ ఎన్నికలు ఇంకో ఏడాదిలో ఉన్నాయనగా రాజకీయాలే ఆమె దగ్గరికొచ్చాయి. 'జనకేక' అనే వార్తా ఛానెల్ ప్రతిపక్ష నాయకుడి కుటుంబానిది. దాన్ని తీసేయమని చుట్టుపక్కల ఆపరేటర్లందరికీ ఫోన్లు వచ్చాయి. మదనపల్లెలో మధ్యాహ్నానికల్లా, కుప్పంలో సాయంత్రానికల్లా ఆ ఛానెల్ ఆగిపోయింది. మునీశ్వరికి ఫోన్ చేసినాయన పేరు చెప్పలేదు, పైనుంచి మాట వచ్చిందన్నాడు. కాగితం మీద రాసిస్తే తీసేస్తానని ఆమె అంది. అవతల ఫోన్ పెట్టేశారు.

వారం తర్వాత ఒక అధికారి జీపులో వచ్చాడు. చెబితే చాలదా, కాగితం దేనికని గద్దించాడు.

"ఆ ఛానెల్ కావాలని జనం అడిగి పెట్టించుకున్నారు సార్. యాల తీసేస్తివని రేపు నన్ను అడిగితే నేనేం సూపించేది? ఒక్క కాగితం ఇయ్యండి," అంది మునీశ్వరి.

ఆయన కాగితం ఇవ్వలేదు. రెండు రోజులకు ఆయన పంపిన మనుషులు వచ్చి, కరెంటు స్తంభాల మీద వైర్లకు అనుమతి లేదంటూ నలభై స్తంభాల దగ్గర కేబుల్ కోసేశారు. అనుమతి పత్రం చేత్తో పట్టుకుని ఆమె వాళ్ల వెంట ఎంత తిరిగినా ఎవరూ దాన్ని చదవలేదు. ఊరు ఊరంతా టీవీలు మూగబోయాయి. ఆ ఒక్క ఛానెల్ తీసేద్దాం, మనకెందుకీ తగువని గంగులప్ప బతిమాలాడు. ఆమెకూ భయంగానే ఉంది. డిష్‌ల పక్కన ఒంటరిగా కూర్చుని ఏడ్చింది కూడా. కానీ తప్పు చేయకుండా తలవంచడానికి ఆమెకు మనసొప్పలేదు.

మర్నాడు పక్కవీధి సరోజమ్మ వచ్చింది. ఆమె ఇంట్లో అందరూ అధికార పార్టీకే ఓటేస్తారు.

"స్తంభాలు వాళ్లవైతే మిద్దెలు మావే గదమ్మా. మా ఇంటి మింద లాక్కో. నేనేం సూడాల్లో ఎవురో సెప్పేదేంది?" అంది.

పని అక్కడ మొదలైంది. సరోజమ్మ మిద్దె నుంచి పక్క మిద్దెకు, అక్కడి నుంచి ఎదురింటికి, సందు దాటి ఇంకో వరుసకు. వద్దన్న ఇళ్లు మూడే. పట్టుపురుగుల షెడ్డు కప్పు మీదుగా లాక్కోమని ఒక రైతు పిలిచి మరీ చెప్పాడు. తొమ్మిదో రోజుకు, ఒక్క స్తంభాన్నీ తాకకుండా, ఐదు వందల పైచిలుకు ఇళ్లలో టీవీలు వెలిగాయి. వాటిలో జనకేక కూడా ఉంది.

ఈలోగా మదనపల్లె వకీలు ఉషారాణి ఆమె తరఫున హైకోర్టులో కేసు వేసింది. నెలల తర్వాత అది విచారణకు వచ్చిన రోజు మునీశ్వరి వెనక వరుసలో నిలబడింది. ఛానెల్ ఆపమని ఉత్తర్వు ఎవరిచ్చారని జడ్జిగారు అడిగారు. అలాంటి ఉత్తర్వేదీ లేదని ప్రభుత్వ వకీలు చెప్పాడు. లేని ఉత్తర్వు కోసం అనుమతి ఉన్న వైర్లు ఎలా కోశారని జడ్జిగారు మళ్లీ అడిగారు. వారంలోగా కేబుల్‌ను కోసినవాళ్లే మళ్లీ వేయించాలనీ, ఏ ఆపరేటర్‌నూ నోటిమాటతో బెదిరించకూడదనీ తీర్పు వచ్చింది. ఉషారాణి బయటికి రాగానే మునీశ్వరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తీర్పు నకళ్లు ఇరవై తీయించి, మదనపల్లెలో పంచి, మిగిలినవి తీసుకుని కుప్పం బస్సెక్కింది. అక్కడి ఆపరేటర్ కుప్పుస్వామి మొదటి ఫోన్‌కే ఛానెల్ ఆపేసినవాడు. ఆమెను చూసి మొహం దాచుకోబోయాడు. ఆమె నిష్ఠూరమాడలేదు. కాగితం చేతిలో పెట్టి చదవమంది. అతను నిలబడే రెండుసార్లు చదివాడు.

"నువ్వు ఆడమనిషివి, ఒంటరిగా నిలబడినావు. మేం ఇంతమంది ఉండీ వంగిపోతిమి," అన్నాడు.

"ఒంటరిగా యాడప్పా? ఊరంతా నాకు మిద్దెలిచ్చింది," అంది మునీశ్వరి.

కుప్పుస్వామి లోపలికెళ్లి మీట నొక్కాడు. ఎదురుగా టీ అంగట్లో ఉన్న టీవీలో ఐదు నెలలుగా నల్లగా ఉన్న చోట జనకేక బొమ్మ వచ్చింది. ఆ ఛానెల్‌ను రోజూ తిట్టుకునేవాళ్లు, దాని కోసమే కాచుకున్నవాళ్లు, అందరూ గ్లాసులు పట్టుకుని ఒక్కచోట నిలబడి చూశారు. మునీశ్వరి కూడా ఒక టీ చెప్పి వాళ్ల మధ్యలో కూర్చుంది.