అమ్మ కుడి చెయ్యి

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక నేను ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ మడత పెడుతుంటే, మా సంఘానికి కొత్తగా వచ్చిన ఒకావిడ పక్కన వచ్చి నిలబడింది. భర్తకు బ్యాంకులో బదిలీ అయి నెల కిందటే ఈ ప్రాంతానికి వచ్చారు. మంచి మనిషి, మంచి గొంతు, పాట అందుకుంటే మందిరం నిండిపోతుంది. ఇందాక ఆరాధనలో పంచిన రొట్టె చాలా మెత్తగా ఉందండి, ఎవరింట్లో చేస్తారండి అని అడిగింది. మా ఇంట్లోనేనండి, అమ్మ తర్వాత నలభై ఏళ్ళ బట్టీ నేనే చేస్తున్నానండి అన్నాను. ఇల్లెక్కడండి అంది. కాలవ గట్టు మీదండి, వంతెన దిగ్గానే అన్నాను. "అహ, అది కాదండి. అసలు మీరూ..." అని, ఆ 'మీరూ' దగ్గర సాగదీసి, నవ్వి ఊరుకుంది.

నా వయసు వాళ్ళకి ఆ సాగదీత ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరడిగి, ఇంటిపేరడిగి, తాతలెవరో అడిగి, చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఆగేది కులం గుమ్మం దగ్గరే. దేవునికి స్తోత్రం, నాకు కోపం రాలేదు, అలాగని తలా వంచుకోలేదు. ఆవిడకి నేనేం జవాబు చెప్పానో చివర్లో చెబుతాను గానీ, ఇంటికొచ్చే దారంతా నా కళ్ళ ముందు మెదిలింది మాత్రం మా అమ్మ కుడి చెయ్యి. నాట్లు వేసి వేసి బురదనీళ్ళకి వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, గోళ్ళు నల్లబడి, అరచెయ్యి గట్టిపడిపోయిన చెయ్యి.

మాది కాలవకి అవతలి పేట. ఊరికీ మాకూ మధ్య ఉన్నది కాలవ ఒక్కటే కాదు. వాళ్ళ అరుగులు మేం ఎక్కకూడదు, వాళ్ళ బావిలో మా చేద పడకూడదు, టీ కొట్టు చూరుకి మా గ్లాసులు వేరేగా వేలాడుతుండేవి. బడిలో నన్ను గుమ్మం పక్కన విడిగా కూర్చోబెట్టారని తెలిసిన రోజున మా నాయనమ్మ కొంగు బిగించి వచ్చి, "దేవుడి పాదాల దగ్గర కూర్చునే పిల్లండీ ఇది, గుమ్మం దగ్గర కూర్చోదు" అని మేష్టారితో చెప్పి, నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు. చేటలో ఇసక పోసి అక్షరాలు దిద్దించింది, కూడబలుక్కోవడం వచ్చాక పెద్దక్షరాల బైబిలు చేతిలో పెట్టింది. నేను చదివిన చదువంతా ఆవిడ పక్కన, ఆ చాప మీద చదివిందే. క్రీస్తులో కొత్తగా పుట్టినవాళ్ళకి పాత గుర్తులు ఉండవని నేను మొదట విన్నది ఏ ప్రసంగంలోనో కాదు, పొయ్యి ఊదుతూ మా నాయనమ్మ చెప్పగా విన్నాను.

మందిరం కాలవ గట్టు మీద ఉండేది, ఊరికీ పేటకీ సమదూరంలో, నాలుగు పెంకుల కింద ఒక్క గది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మా పేట వాళ్ళమే. ఊళ్ళో రైతు కుటుంబాల నుంచి ప్రభువుని నమ్ముకున్నవి రెండిళ్ళు. ఒకటి సంఘ పెద్దగారిది. ఆయన పొలాల్లోనే మా అమ్మ నాట్లకి, కోతలకి వెళ్ళేది. రెండోది, మేమంతా పెద్దమ్మగారు అని పిలిచే ఒక విధవరాలిది. ఆవిడ నమ్ముకోవడం మాటలు కాదు. కాలవలో బాప్తిస్మం తీసుకుని తడిబట్టలతో ఇంటికెళ్ళేసరికి బావగారు పెరట్లో గోడ కట్టించడం మొదలుపెట్టారట. ఆ తర్వాత తోడికోడళ్ళు పిలవలేదు, పెళ్ళి పేరంటాలు లేవు. అయినా ఆవిడ ఒక్క ఆదివారమూ మానలేదు. ఆ తెగువకి నేను ఈరోజుకీ చేతులెత్తి మొక్కుతాను.

కానీ మందిరంలో ముందు చాప ఒకటుండేది. ఆ రెండిళ్ళ వాళ్ళు దాని మీద కూర్చునేవారు, మేం వెనక చాపల మీద. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గీత గీయలేదు. ద్రాక్షారసం గిన్నె ముందు వాళ్ళ పెదవులకి, తర్వాత మా పెదవులకి. ఊరంతటికీ వేరే గ్లాసులున్న రోజుల్లో ఒకే గిన్నెలో తాగుతున్నామని మేం మురిసిపోయేవాళ్ళం, వరస సంగతి మాత్రం ఎత్తేవాళ్ళం కాదు. రొట్టె ఎప్పుడూ పెద్దమ్మగారి వంటింటి నుంచే వచ్చేది. పులియని పిండితో పెద్ద రొట్టె ఒకటి కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి, గుండెలకి హత్తుకుని గట్టెమ్మట నడిచి వచ్చేది ఆవిడ. ఆ చేతి రొట్టె మేమంతా తిన్నాం. మా చేతి రొట్టె వాళ్ళు తింటారా అన్న ప్రశ్న ఎవరికీ రాలేదో, వచ్చినా మింగేశారో.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా, నాట్ల కాలంలో ఒక శనివారం పెద్దమ్మగారు రేవు మెట్ల మీద జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి కట్టేసి, చేతిని తువ్వాలుతో మెడకి వేలాడదీశాడు. సంఘ పెద్దగారి భార్య చూస్తే కూతురి పురిటికని సామర్లకోటలో ఉంది. తెల్లారితే ఆదివారం, రొట్టె చేసేవాళ్ళు లేరు. సాయంత్రం మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, మా పేట మనిషే, మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. అమ్మ అప్పుడే నాట్లనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఎవరినైనా సైకిలు మీద నిడదవోలు పంపి బేకరీ రొట్టె తెప్పిస్తానన్నారు.

"ఎందుకండి అయ్యగారూ, మేం చేస్తాం కదండి" అంది అమ్మ.

"నువ్వు చేస్తే తప్పేం లేదమ్మా. కాకపోతే ముందు చాప వాళ్ళు నొచ్చుకుంటారేమోనని. ఈ ఒక్క వారానికీ..."

"మరి ఆ బేకరీలో పిండి ఎవరు పిసికారో అడిగారేంటండీ?"

లోపల్నుంచి నాయనమ్మ అందుకుంది: "ఎందుకడుగుతారే! కొన్న రొట్టెకి కులం ఉండదు. మనం ప్రేమగా పెడితేనే వచ్చి పడుతుంది."

అయ్యగారు నవ్వబోయి ఆపుకున్నారు. ప్రభువు మీద భారం వేసి చెయ్యమ్మా అని వెళ్ళిపోయారు. పాపం, ఆయన భయం సగం మా వాకిట్లోనే వదిలి వెళ్ళినట్టనిపించింది నాకు.

రేషన్లో ఇచ్చిన గోధుమలు ఇంట్లో ఉన్నాయి. నేనూ నాయనమ్మా తిరగలి తిప్పాం. బియ్యప్పిండి రొట్టె తప్ప గోధుమపిండి ఎరగని చెయ్యి అమ్మది. తెల్లవారుజామున కాల్చిన మొదటి రొట్టె తాటిపెచ్చులా వచ్చింది. ఇది బల్లకెక్కదే, మీ నాన్న పళ్ళకి పరీక్ష పెట్టడానికి పనికొస్తుంది అంది నాయనమ్మ. నాన్న దాన్ని ఆవకాయతో తిని పరీక్ష నెగ్గాననిపించుకున్నాడు. రెండోది మాడింది. మూడోది గుండ్రంగా, మెత్తగా, అక్కడక్కడ బంగారు మచ్చలతో పొంగి వచ్చింది. అమ్మ దాన్ని తన పెళ్ళి నాటి జాకెట్టు గుడ్డ ఉతికినదాంట్లో చుట్టింది, ఇంట్లో ఉన్న తెల్లగుడ్డ అదొక్కటే మరి.

కబురు మాకంటే ముందే మందిరానికి చేరింది. పెద్దమ్మగారు మెడకి చెయ్యి కట్టుకుని ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. అయ్యగారు వాక్యం చెప్పి కూర్చున్నాక, ఎప్పటిలాగే సంఘ పెద్దగారు స్తుతి చెల్లించి రొట్టె విరిచారు. తనకో చిన్న తునక తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారో, కండువా మడతలో దాచారో నేను చూడలేదు, చూడనిదాన్ని చూశానని చెప్పను. పళ్ళెం పెద్దమ్మగారి ముందుకొచ్చింది. ఆవిడ రొట్టె వంక చూశారు, కట్టు కట్టిన కుడి చెయ్యి వంక చూశారు. ఎడంచేత్తో ప్రభువు రొట్టె ముట్టుకోకూడదు కదా, అన్నట్టు తల అడ్డంగా ఊపి, పళ్ళెం వెనక్కి పంపమని సైగ చేశారు.

మందిరమంతా ఊపిరి వదిలింది. అందరికీ ఒక సాకు దొరికింది. మా వెనక చాపల వాళ్ళం కూడా ఆ సాకునే పట్టుకుని సర్దుకుపోయేవాళ్ళం, పాపం చెయ్యి బాగోలేదు కాబట్టి మానేసిందని ఏళ్ళ తరబడి చెప్పుకునేవాళ్ళం. నా భుజం మీద నాయనమ్మ చెయ్యి బిగుసుకోవడం మాత్రం నాకు తెలిసింది. పళ్ళెం చేతులు మారి మారి చివరికి గోడవార కూర్చున్న అమ్మ దగ్గరకు వచ్చింది. అమ్మ తినలేదు. పళ్ళెం పట్టుకుని లేచింది. ఆరాధనలో ఆడవాళ్ళు నోరు విప్పే అలవాటు మాలో లేదు. అమ్మ ముసుగు సర్దుకుని, నడిమధ్య నుంచి నడిచి వెళ్ళి, ముందు చాప మీద పెద్దమ్మగారి పక్కన మోకాళ్ళు మడిచి కూర్చుంది.

"చెయ్యి బాగోలేదనే కదండీ మానేశారు పెద్దమ్మగారూ? నా చెయ్యి ఉంది కదండీ. నేను పెడతానండి."

గొంతు పెంచలేదు, అయినా కాలవ అవతలికి కూడా వినపడి ఉంటుంది. సంఘ పెద్దగారు ముఖం ఎర్రబడి, "ఆరాధన మధ్యలో ఏంటమ్మా ఇది, కూర్చో!" అన్నారు.

"కూర్చునే ఉన్నానండి" అంది అమ్మ.

నిజమే, కూర్చునే ఉంది. ఆయనకి నచ్చని చోట కూర్చుంది, అంతే. రొట్టె తునక పట్టుకున్న ఆ చెయ్యి గాలిలో అలాగే నిలబడింది. అందరూ తింటే గాని గిన్నె ఎత్తరు. మందిరమంతా ఆ చెయ్యి కోసం ఆగిపోయింది. అప్పుడు నాకు అమ్మ మీద జాలేసింది, భయమేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే పెద్దమ్మగారి మీదా జాలేస్తుంది. బంధువుల్ని వదిలింది, పేరు వదిలింది, పేరంటాలు వదిలింది. తనదని చెప్పుకోవడానికి ఆవిడకి మిగిలింది ఆ వంటిల్లొక్కటే, ఆ మడి ఒక్కటే. దాన్ని కూడా ఇమ్మంటోంది మా అమ్మ.

పెద్దమ్మగారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నోరు తెరిచారు. అమ్మ పెట్టింది. ఆవిడ నమిలేదాకా అలాగే చూసి, అప్పుడు తన తునక తను తింది. గిన్నె ఎత్తిన సంఘ పెద్దగారు అలవాటు కొద్దీ ముందు చాప చివరి మనిషికి అందించారు. ఆ చివర కూర్చున్నది అమ్మ. అమ్మ తాగింది. అమ్మ పెదవులు తాకిన చోటే పెద్దమ్మగారూ తాగారు.

దండలేమీ పడలేదు లెండి. ఆ పై ఆదివారానికి సంఘ పెద్దగారు తన వసారాలో వేరే ప్రార్థన మొదలుపెట్టుకున్నారు. మధ్యలో ఆగిన నాట్లకి అమ్మని పిలవలేదు, ఆ కోతలకీ పిలవలేదు. రెండు పంటలు అమ్మ చీకటితోనే లేచి నాలుగూళ్ళవతల పొలాలకి నడిచి వెళ్ళి వచ్చింది. ఎందుకు పెట్టుకున్నావే అని చుట్టాలు దెప్పితే, ఇంకో పొలం దొరుకుతుంది గానీ ఇంకో ప్రభువు దొరకడు కదా అనేది. పెద్దమ్మగారు మాత్రం ఆ మరుసటి శనివారం సాయంత్రం వంతెన దాటి మా ఇంటికొచ్చారు. మా పొయ్యి పక్కన పీట వాల్చుకుని కూర్చుని, "ఇంత మందం వద్దమ్మాయ్, నోట్లో పెట్టినప్పుడు నాకు గొంతు పట్టేసింది, కళ్ళనీళ్ళు అందుకే వచ్చాయి" అన్నారు. నాయనమ్మ పకపకా నవ్వింది. మా ఇంట్లో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. చెయ్యి బాగయ్యాక కూడా రొట్టె మా ఇంట్లోనే, ఇద్దరూ కలిసే చేశారు, ఆవిడ పోయేదాకా.

ఇప్పుడు మందిరం డాబా అయింది, చాపలు పోయి కుర్చీలొచ్చాయి, నాకు గ్యాసు పొయ్యి ఉంది. టీ కొట్లో వేరే గ్లాసులు లేవు. అన్నింటికీ వందనాలు. కానీ మనవాళ్ళ పెళ్ళి సంబంధాల కాగితాల్లో క్రైస్తవులు అని రాసి, పక్కనే గీత పెట్టి ఇంకో మాట రాస్తున్నారు. కుర్చీల్లోనూ ఎవరూ గీయని వరసలు ఏర్పడుతున్నాయి. అప్పుడు ముఖం మీదే అనేవారు, ఇప్పుడు నవ్వి సాగదీస్తున్నారు. ఒక్క మణికట్టు విరిగి ఒక్క వంటిల్లు తెరుచుకుంది, అంతే. మిగతావి తెరుచుకోలేదని నాకు బెంగే గానీ, తెరుచుకోవని మాత్రం నేను ఒప్పుకోను.

ఆ బ్యాంకు ఆవిడకి నేను చెప్పింది ఇదీ: "మాది ఏ పేటో కూడా చెబుతానండి, దాచుకునేదేం లేదు. శనివారం సాయంత్రం పిండి కలుపుతాను, మీరూ వచ్చి ఓ చెయ్యి వెయ్యండి, కలుపుతూ చెప్పుకుందాం." ఆవిడ అలాగేనండి అంది. అన్న తీరు చూస్తే వస్తుందో రాదో తెలియలేదు.

ఈరోజు శనివారం. పళ్ళెంలో పిండి పోసి, నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని, ఎదురుగా ఇంకో పీట వాల్చాను. ఆవిడ వస్తే నలభై ఏళ్ళ తర్వాత మా పిండిలో మళ్ళీ ఇద్దరి చేతులు పడతాయి. రాకపోతే నేనే కలుపుతాను. పీట మాత్రం తీయను.