కుంటి పిట్ట

దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. గొంతు పెంచి చెప్పే మాట కాదిది. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో కూడా మరిచిపోని దాన్ని, ఇన్నేళ్లూ ఎందరికో ఎన్నెన్నో చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. మింగీ మింగీ అలిసిపోయాను. నీకైనా చెప్పి దించుకుంటాను.

మా ఆయన బచేలీ ఇనుప ఖనిజం గనిలో మట్టి తోడే పెద్ద మిషను నడిపేవారు. కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం. ఎన్నిసార్లు ఉతికినా బట్టల్లోంచి ఎర్ర దుమ్ము పోని ఊరు. కొండ కింది పల్లె నుంచి సోమి చింతపండు తెచ్చేది. ఆమె పుట్టిల్లు మన సరిహద్దున ఉన్న కొంటా వైపు, అందుకని తెలుగు వచ్చు. చుట్టూ హిందీ, హల్బీ వింటూ తెలుగుకి మొహం వాచి ఉన్న నాకు ఆమె గడపలో కూర్చుని "ఏందక్కా, ఇయ్యాల ఏం కూర?" అంటే ప్రాణం లేచి వచ్చేది.

సోమి అన్న ఆమె దగ్గరే ఉండేవాడు. ఒక కాలు పొట్టి, ఎగిరెగిరి నడిచేవాడు. జ్వరంతో పోయాడు. వాళ్లలో పోయినవాళ్లకి దారి పక్కన చెక్క స్తంభం నిలిపి, బొమ్మలు చెక్కి రంగులు వేస్తారు. స్తంభం నిలిపిన రోజు సోమి నన్ను వెంటబెట్టుకుపోయింది. కాలనీ నుంచి వెళ్లింది నేనొక్కదాన్నే. చెక్కినవాడు అతన్ని ఎరిగినవాడు కాబోలు, పిట్టని చెక్కి, దానికి ఒక కాలు పొట్టిగా పెట్టాడు. సోమి దాన్ని నిమిరి, "ఇది మా అన్న ఇల్లక్కా. ఇగ ఈడనే ఉంటడు" అంది. ఆ మాట నా చెవుల్లో పడింది. పడలేదని బొంకలేను.

తరువాత కాలనీలోకి కొత్త ఆట వచ్చింది. డిస్క్ గోల్ఫ్ అంటారు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ చక్రాన్ని విసిరి, దూరంగా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడెయ్యాలి. క్లబ్బువాళ్లు పోటీ పెట్టి, ఆ చక్రాల మీద మన ఊరి బొమ్మే ఉండాలన్నారు. క్లబ్బు సెక్రటరీ గారు మా వాకిట్లో ముగ్గు చూసి, "మీరే గియ్యాలమ్మా" అన్నారు.

గీశాను. మెలికల ముగ్గు, సన్నటి గీతలతో. అచ్చు వేసేవాళ్లు తిప్పి పంపారు. తళుకు రేకుని వేడి అచ్చుతో అద్దుతారట, సన్నగీతలు కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయట. మందంగా, ఒకటే రంగులో, దూరం నుంచి చూసినా తెలిసేట్టు కావాలన్నారు. మళ్లీ గీశాను. మళ్లీ తిప్పారు. ఇక మూడోసారి నా చెయ్యి తనంతట తానే పిట్టని గీసింది.

తనంతట తానా? చూడు, ఇప్పుడు కూడా చెయ్యి మీదికి తోసేస్తున్నాను. స్తంభం కళ్లముందు పెట్టుకుని గీసింది నేనే. రెండు కాళ్లూ సమానంగా పెట్టొచ్చు కదా? పెట్టి చూశాను. బొమ్మ చచ్చిపోయింది. పొట్టి కాలు పెట్టగానే ఎగరబోతున్నట్టు లేచింది. సోమి ఇల్లు నడిచిపోయేంత దూరమే, వెళ్లి అడగొచ్చు. వద్దంటుందని తెలుసు. తెలిసే అడగలేదు.

పోటీ రోజు స్టేజీ మీదికి నన్ను పేరు పెట్టి పిలిచారు. ఆపరేటరు గారి భార్య అని కాదు, నా పేరు. శాలువా కప్పారు. ఏనాడూ మెచ్చుకోని మా ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క సాయంత్రం కోసమేనా ఇదంతా? అవును, దానికోసమే.

ఆటగాళ్లు ఆ చక్రానికి లంగ్డా అని పేరు పెట్టారు. హిందీలో కుంటివాడు అని. "లంగ్డా ఫేంక్ రే!" అని అరుచుకుంటూ విసిరేవాళ్లు. అది ఎర్ర మట్టిలో దొర్లేది, బూట్ల కింద పడేది. ఒకరోజు నేను మైదానం గట్టున కూర్చుని ఉండగా సోమి చింతపండు గంపతో అటు వచ్చింది. చక్రం దొర్లుకుంటూ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర పడింది. తీసింది. కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది.

"అక్కా, ఇది ఎవలు గీసిండ్రు?"

"నాకేం తెలుసే. ఢిల్లీ నుంచి అచ్చయి వచ్చాయి."

నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో!

"ఢిల్లీ నుంచా?" అంది. "కాలు జూడక్కా, మా అన్న లెక్కనే ఉంది. కుంటుకుంట కుంటుకుంట అంత దూరం పోయిండా మా అన్న!" నవ్వింది. కళ్లు తుడుచుకుంది. "ఒకటియ్యరా అక్కా నాకు?"

నా చక్రం ఇచ్చాను. నాకు బహుమానంగా ఇచ్చినదే. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే ఏమవుతుంది, తిడుతుంది, గడప తొక్కడం మానేస్తుంది. అంతకంటే ఆ నవ్వు పోతుందనిపించింది. నిజంగా ఆమె నవ్వు కోసమే ఆగానా, నా శాలువా కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె దాన్ని స్తంభానికి కట్టింది. ఢిల్లీ వాళ్లకి కూడా మా అన్న తెలుసని పల్లెంతా చెప్పుకుంది. నేను ఎత్తుకొచ్చిన బొమ్మ వెళ్లి అసలు బొమ్మ పక్కనే వేలాడింది. గీదం వెళ్లే బస్సు అటే పోతుంది. నేను ఎప్పుడూ అవతలి వైపు సీటులో కూర్చునేదాన్ని. ఒక్కసారి సీటు దొరక్క నిలబడితే కనిపించింది. సోమి చెంబుతో నీళ్లు పోసి చక్రం మీది దుమ్ము కడుగుతోంది. బస్సు చూసి చెయ్యి ఊపింది. నేను తల తిప్పుకున్నాను.

మా ఆయన రిటైరయ్యాక ఆ ఊరు వదిలేశాం. వచ్చేముందు సోమి చింతపండు మూట ఇచ్చి, "ఢిల్లీ పోతే మా అన్నకి చెప్పక్కా, నేను అడిగిన్నని" అంది. చెబుతానన్నాను. నమ్మి అందో, అంతా తెలిసే అందో నాకు తెలియదు.

గీసింది నేనమ్మా. ఢిల్లీ కాదు. నేనే.

ఈ మాట చేరాల్సింది సోమికి, నీకు కాదు. నీకు చెప్పినంత మాత్రాన నా తప్పు పోదు. అయినా ఇన్నాళ్లకి నోటినుంచి బయటపడింది. ఓపిగ్గా విన్నావు. నీ ఇంట పొయ్యి చల్లారకుండా ఉండాలి తల్లీ. నీ గడపలోకి వచ్చి కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉండాలి. వాళ్ల కళ్లలోకి నువ్వు నేరుగా చూడగలగాలి.